సర్క్యులర్ జర్నీ టికెట్: పాలమూరు, నల్లగొండ పిల్లలు దేశం చూడ్డానికి ఎంతవరకు పనికొస్తుంది?

సోమశిల, మన్ననూరు, శ్రీశైలం, నాగార్జునసాగర్ తిరగడం మన జిల్లాల పిల్లలకు ఇంటర్‌తోనే అయిపోతుంది. డిగ్రీకి వచ్చేసరికి మాటలన్నీ హంపి, గోవా, కేరళ, కన్యాకుమారి మీదే. పాలమూరులో ఒకప్పుడు ఊరు దాటడమంటే వలసే, మేస్త్రీ వెంట పనికి పోవడమే. ఊళ్లు చూడ్డానికని బయల్దేరడం ఇంట్లో ఇంకా కొత్త ఖర్చు. అందుకే డబ్బులు అడగడానికి పిల్లలకు నోరు రాదు. చివరికి నలుగురు కలిసి రెండు బైకుల మీద గోవా పోతామంటారు, తల్లిదండ్రులు వద్దంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది.

ఈ కోరికను తక్కువ ఖర్చులో తీర్చే సేవ ఒకటి రైల్వేలో చాలా ఏళ్లుగా ఉంది. దాని పేరు సర్క్యులర్ జర్నీ టికెట్. యాప్‌లో, వెబ్‌సైట్‌లో అమ్మరు కాబట్టి ఫోన్‌లోనే టికెట్ కొనే పిల్లలకు దాని సంగతే తెలియదు. తెలిసినవాళ్లలో చాలామంది కౌంటర్ దగ్గర మొదటి ‘లేదు’ వినగానే వెనక్కి వచ్చేస్తారు. అలా రావొద్దని చెప్పడానికే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

మొదట ఈ టికెట్ ఏంటో చూద్దాం. ఎక్కడ మొదలుపెట్టారో మళ్లీ అక్కడికే చేరే చుట్టు ప్రయాణానికి ఇచ్చే ఒకే టికెట్ ఇది. దారిలో గరిష్ఠంగా 8 చోట్ల ఆగవచ్చు. అన్ని తరగతులకూ ఇస్తారు, కానీ విద్యార్థి జేబుకు సరిపోయేది స్లీపరే. గడువును దూరాన్నిబట్టి లెక్కేస్తారు. ప్రయాణానికి 400 కి.మీ.కు ఒక రోజు, ఆగడానికి 200 కి.మీ.కు ఒక రోజు, ఈ రెండూ కలిపి మొత్తం గడువు. చుట్టు 3,200 కి.మీ. అయితే 8కి 16 కలిపి 24 రోజులు. సెమిస్టర్ సెలవుల్లో నిదానంగా తిరిగి రావడానికి ఇది ధారాళంగా సరిపోతుంది.

డబ్బు ఎక్కడ మిగులుతుందో తెలిస్తేనే ఈ శ్రమ పడాలో వద్దో తేల్చుకోగలం. రైలు ఛార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోతుంది. విడివిడిగా తొమ్మిది టికెట్లు కొంటే ప్రతిసారీ ఎక్కువ రేటు ఉండే మొదటి కిలోమీటర్ల నుంచే లెక్క మొదలవుతుంది. సర్క్యులర్ టికెట్‌లో మొత్తం దూరాన్ని రెండు సగాలు చేసి, రెండు పొడవాటి ప్రయాణాలుగా లెక్కేస్తారు. దీనికి తోడు స్లీపర్‌లో ఎంత దగ్గరికి పోయినా కనీసం 200 కి.మీ.ల ఛార్జీ కట్టాల్సిందే. త్రివేండ్రం నుంచి నాగర్‌కోయిల్ 71 కి.మీ.; స్లీపర్ విడిగా కొంటే 200 కి.మీ.ల డబ్బే పోతుంది. గుంతకల్ నుంచి హోసపేట, మదురై నుంచి తిరుచ్చి కూడా ఇలాంటి ముక్కలే. చుట్టు టికెట్‌లో ఈ ముక్కలన్నీ అసలు దూరంతోనే కలిసిపోతాయి. చిన్న చిన్న మజిలీలు ఎక్కువున్న దారికి మిగులు ఎక్కువ. పగటిపూట దగ్గరి దూరాలన్నీ జనరల్ బోగీలో పోయే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం మిగిలేది కొద్దిగానే.

టికెట్ ధర మీద మరికొంత పడుతుంది. ప్రతి బండికీ రిజర్వేషన్ ఛార్జీ వేరే కట్టాలి, స్లీపర్‌కు 20 రూపాయలు. ఎక్కేది సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో 30. వందేభారత్, రాజధాని, దురంతో లాంటి వాటి ఛార్జీల పద్ధతే వేరు, వాటిని ఈ లెక్కలోకి తేవద్దు.

ఇప్పుడు దారి సంగతి. అదృష్టం ఏంటంటే, మన రెండు జిల్లాలూ ఒకే చుట్టు మీద పడతాయి. మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, కర్నూలు, డోన్, గుంతకల్ మీదుగా హోసపేట. అక్కడి నుంచి హుబ్లీ, గోవాలోని మడ్గావ్. కొంకణ్ తీరం వెంట మంగళూరు, ఆపైన ఎర్నాకుళం, త్రివేండ్రం, నాగర్‌కోయిల్. తిరిగి పైకి మదురై, తిరుచ్చి, చెన్నై. చివరికి గూడూరు, గుంటూరు, మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా సికింద్రాబాద్ చేరి మళ్లీ మహబూబ్‌నగర్. మొత్తం 3 వేల కి.మీ. దాటుతుంది. నల్లగొండ పిల్లలు ఇదే చుట్టును నల్లగొండలో మొదలుపెట్టి నల్లగొండలో ముగించవచ్చు. పాలమూరు వాళ్లకు మొదటి అడుగు చాలా తేలిక. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గుంతకల్, హోసపేట మీదుగా గోవాలోని వాస్కో పోయే ఎక్స్‌ప్రెస్ 2024 అక్టోబర్‌లో మొదలైంది, వారానికి రెండు రోజులు నడుస్తుంది. గుంతకల్‌లో బండి మారే పని లేదు. హోసపేటలో దిగితే హంపి 13 కి.మీ., ఊళ్లో నుంచి బస్సులు ఉంటాయి.

ఈ దారిని కాగితం మీద పెట్టేటప్పుడు జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎర్నాకుళం నుంచి త్రివేండ్రానికి రెండు లైన్లు, ఒకటి కొట్టాయం మీదుగా, రెండోది అలప్పుళ మీదుగా. ఏదో ఒకటి స్పష్టంగా రాయాలి. టికెట్ మీద ఒక దారి ఉండి రెండో దారి బండి ఎక్కితే గొడవ తప్పదు. ఎర్నాకుళంలో జంక్షన్, టౌన్ అని రెండు స్టేషన్లు, నాగర్‌కోయిల్‌లో కూడా అంతే, కొన్ని బండ్లు ఒకదాంట్లోనే ఆగుతాయి. కన్యాకుమారి లైను నాగర్‌కోయిల్ దగ్గర విడిపోయి సముద్రం దగ్గర అయిపోయే కొమ్మ. పోయిన దారినే వెనక్కి రావాలి. అందుకని టికెట్‌లో నాగర్‌కోయిల్ వరకే పెట్టుకుని, అక్కడి నుంచి కన్యాకుమారికి బస్సులో పోయి రావడం మేలు. కొంకణ్ రైల్వే మీద ఛార్జీకి లెక్కేసే దూరం అసలు దూరం కంటే ఎక్కువ; మీరు వేసుకున్న మొత్తానికీ ఆఫీసులో చెప్పే మొత్తానికీ తేడా వస్తే మొదట చూడాల్సింది అక్కడే. వానాకాలంలో, అంటే సుమారు జూన్ మధ్య నుంచి అక్టోబర్ దాకా, ఆ లైనులో బండ్లు వేగం తగ్గించి వేరే టైంటేబుల్ మీద నడుస్తాయి. ఆ నెలల్లో మడ్గావ్ తరువాతి బండికి గంట, రెండు గంటల తేడాతో లింకు పెట్టుకోవద్దు.

ఎనిమిది ఆగుళ్లూ వాడేయాలనే ఆశ వద్దు. హోసపేట, మడ్గావ్, ఎర్నాకుళం, నాగర్‌కోయిల్, మదురై, చెన్నై, ఈ ఆరు చాలు. బండి మారడానికి దిగి 24 గంటల్లోపు తరువాతి బండి ఎక్కితే అది ఆగుడు కింద లెక్కకు రాదు. కాబట్టి తిరుచ్చిలో పొద్దున దిగి, సామాను క్లోక్ రూమ్‌లో పెట్టి, రాక్‌ఫోర్ట్, శ్రీరంగం చూసుకుని రాత్రి బండికి చెన్నై పోవచ్చు. క్లోక్ రూమ్‌లో తాళం వేయని బ్యాగు తీసుకోరు, టికెట్ కూడా చూపించాలి. జిప్పులకు పట్టే రెండు చిన్న తాళాలు ఇంటి నుంచే తీసుకుపోండి.

కొనడం ఎలాగో చూద్దాం. చిన్న స్టేషన్ కౌంటర్‌లో దీన్ని నేరుగా అడిగితే సాధారణంగా ఇవ్వలేరు. మామూలు టికెట్ లాగా రెండు స్టేషన్ల పేర్లు కొడితే కంప్యూటర్ ధర చూపించే వ్యవహారం కాదిది. ప్రతి ముక్క దూరం కూడి, దారి సరిగ్గా ఉందో లేదో చూసి, ఛార్జీ లెక్కగట్టి, డివిజన్ ఆఫీసు నుంచో పెద్ద స్టేషన్ మేనేజర్ నుంచో ఫారం మీద ఆమోదం రావాలి. మహబూబ్‌నగర్ స్టేషన్ హైదరాబాద్ డివిజన్ కిందికి వస్తుంది, ఆఫీసు సికింద్రాబాద్‌లో. నల్లగొండ, మిర్యాలగూడ మాత్రం చాలా ఏళ్లు గుంటూరు డివిజన్‌లో ఉన్నాయి, ఇప్పుడు ఏ డివిజనో స్టేషన్‌లో అడిగి తెలుసుకోవాలి. మీ స్టేషన్ ఏ డివిజన్ కిందికి వస్తే కాగితాలు అక్కడి డివిజనల్ కమర్షియల్ మేనేజర్ ఆఫీసుకు పోవాలి. తమ డివిజన్ ఏదో తెలియక నల్లగొండ వాళ్లు సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగే ప్రమాదం ఉంది. ముందుగా మీ స్టేషన్ మేనేజర్‌నే కలిసి ఎవరికి రాయాలో అడగండి.

తెల్లకాగితం మీద దారిని ముక్కముక్కగా రాసి ఇవ్వాలి. ఒక్కో వరుసలో ఎక్కే స్టేషన్, ఏ ఊళ్ల మీదుగా, దిగే స్టేషన్, తేదీ, బండి నంబరు, అక్కడ ఎన్ని రోజులు ఆగుతారో ఉండాలి. పైన తరగతి, ఎంతమంది, పేర్లు, వయసులు. కాపీలు రెండు తీసుకోండి, ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. పొద్దున 10 నుంచి తత్కాల్ హడావిడి ఉంటుంది, 11కు స్లీపర్ తత్కాల్ తెరుస్తారు. ఆ వేళకు పోతే మీ కాగితం చదివే తీరిక ఎవరికీ ఉండదు. మధ్యాహ్నం పోండి. ఫారం చేతికొచ్చాక బుకింగ్ కౌంటర్‌లో టికెట్, ఆ టికెట్ చూపించి రిజర్వేషన్ కౌంటర్‌లో ఒక్కో బండికి బెర్తు. ఈ రెండు పనులూ వేరువేరు. సర్క్యులర్ టికెట్ కొన్నంత మాత్రాన బెర్తు దొరికినట్టు కాదు.

ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ 60 రోజులకే. మొదటి బండికి 60 రోజులు ఉండగా కౌంటర్‌కు పోతే, 20 రోజుల తరువాత ఎక్కాల్సిన చివరి బండి ఇంకా తెరుచుకోదు. అన్నీ తెరిచేదాకా ఆగితే మొదటి బండి వెయిటింగ్ లిస్టులో పడిపోతుంది. కాబట్టి కాగితం పని రెండున్నర నెలల ముందే మొదలుపెట్టి, రిజర్వేషన్‌ను మాత్రం రెండు దఫాలుగా చేయించుకోవాలి. దారిలో బెర్తు దొరకడం కష్టమైన బండ్లు ఏవో గుర్తుపెట్టుకుని వాటికే మొదట బెర్తులు పట్టుకోండి. కొంకణ్ లైను, మదురై నుంచి చెన్నై రాత్రి బండ్లు వేసవి సెలవుల్లో తొందరగా నిండిపోతాయి. త్రివేండ్రం, నాగర్‌కోయిల్ మధ్య అంత ఒత్తిడి ఉండదు.

చెన్నై మారడం కూడా ముందే ఆలోచించాలి. మదురై, తిరుచ్చి వైపు నుంచి వచ్చే బండ్లు ఎక్కువగా ఎగ్మూర్‌కు వస్తాయి. గూడూరు వైపు పోయేవి ఎక్కువగా సెంట్రల్ నుంచి. ఎగ్మూర్ నుంచి లోకల్ బండిలో ఒక్క స్టాప్ పార్క్ స్టేషన్, ఎదురుగా రోడ్డు దాటితే సెంట్రల్. ఆటోవాళ్లతో బేరం అవసరం లేదు. సికింద్రాబాద్‌లో కూడా పాలమూరు బండ్లు చాలావరకు కాచిగూడ నుంచే అని మరచిపోవద్దు.

లోపాలు దాచిపెట్టి లాభం లేదు. ఒకసారి కొన్నాక దారి మార్చుకోవడం కష్టం. గోవాలో మనసు మారి ముంబై పోదామంటే ఈ టికెట్ మీ వెంట రాదు. టికెట్ కాగితమే, పోతే తిరిగి సంపాదించడం పెద్ద తలనొప్పి. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. ఫొటో చూపించి ప్రయాణం చేయలేరు కానీ నంబర్లన్నీ చేతిలో ఉంటాయి. ఐడీ కార్డు అసలుది వెంట ఉండాలి. కౌంటర్ వెయిటింగ్ లిస్టు టికెట్‌తో స్లీపర్ ఎక్కితే టీటీఈ దింపేయవచ్చు.

అయినా, 3 వారాల సెలవు, ముందే గీసుకున్న దారి, నలుగురు స్నేహితులు ఉన్నవాళ్లకు దీన్ని మించినది రైల్వేలో లేదు. ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గిన ఒక్క మార్కూ దరఖాస్తును ఇంకా ఆన్‌లైన్‌లో పెట్టనందుకే. దారి, తేదీలు నింపితే ధర చూపించే ఒక్క పేజీ ఉంటే పాలమూరు పిల్ల ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని ఉండదు. ముఖ్యంగా ఆడపిల్లలకు ఈ టికెట్ అవసరం: ఎక్కడ ఎన్ని రోజులు ఉంటారో, ఏ బండిలో వస్తారో అంతా ముందే రాసి ఉన్న కాగితం ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడానికి బాగా పనికొస్తుంది.

అన్ని రోజులు లేనివాళ్లు, మొదటిసారి పోయేవాళ్లు దీనికి బదులు మామూలు టికెట్‌లోనే బ్రేక్ జర్నీ వాడుకోండి. 500 కి.మీ. దాటిన టికెట్‌కు ఒకసారి, 1,000 కి.మీ. దాటితే రెండుసార్లు, ఒక్కోచోట 2 రోజుల వరకు ఆగవచ్చు. మొదటి ఆగుడు 500 కి.మీ. తరువాతే ఉండాలి. నల్లగొండ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ దారిలో త్రివేండ్రానికి తీసుకుంటే కోయంబత్తూరులో ఆగి ఊటీ, ఎర్నాకుళంలో ఆగి కొచ్చి చూడవచ్చు. టికెట్ కౌంటర్‌లోనే తీసుకోవాలి, ఎక్కడ ఆగుతారో అప్పుడే చెప్పి మూడు ముక్కలకూ బెర్తులు వేయించుకోవాలి. దిగిన చోట స్టేషన్ మాస్టర్ దగ్గర టికెట్ మీద రాయించుకోవడం తప్పనిసరి. ఆ రాత లేకుండా మళ్లీ ఎక్కితే టీటీఈ దాన్ని అయిపోయిన టికెట్‌గానే చూస్తాడు.