మూడేళ్లుగా మా ఇంట్లో తిరుగుతున్న చిన్న కాఫీ గ్రైండర్

2022 నవంబరులో ఈ చిన్న ఎలక్ట్రిక్ గ్రైండర్ కొన్నాం. ధర 1,400 రూపాయలు, మోటారు 150 వాట్లు, ఒక వాయికి 50 గ్రాముల గింజలు పడతాయి. మేం ఉండేది చెన్నైలో, వెస్ట్ మాంబళంలో. సందు తిరిగితే కాఫీ పొడి అంగడి. కళ్ల ముందే గింజలు మర పట్టి, ఇంకా వెచ్చగా ఉన్న పొట్లం చేతిలో పెడతారు. "అంత దగ్గర్లో మర ఉండగా ఇంట్లో ఇదెందుకమ్మాయ్?" అని మా అత్తగారు మొదటి రోజే అడిగారు.

అడగాల్సిన ప్రశ్నే. అంగడి మరలో వచ్చినంత సమానమైన పొడి ఇందులో ఇప్పటికీ రాదు. అయినా నేను దీన్ని వదలకపోవడానికి కారణం వాసన. పావుకిలో పొడి తెస్తే మొదటి రెండు మూడు రోజులు ఇల్లంతా గుమగుమలాడుతుంది. వారం తిరిగేసరికి డికాషన్‌లో రంగు, చేదు ఉంటాయి, వాసన మాత్రం ఉండదు. పొడి చేస్తే గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది, దానికి తోడు ఈ సముద్రపు తేమ. అదే కాఫీ గింజగా ఉంటే, గాలి చొరని డబ్బాలో మా ఇంట్లో మూడు వారాల పైనే బాగుంటోంది.

ఇది బ్లేడు రకం. మరలో గింజ రెండు రాళ్ల మధ్యో చక్రాల మధ్యో నలుగుతుంది. ఇందులో బ్లేడు నరుకుతుంది. అందుకే కొంత పిండిలా, కొంత నూకలా వస్తుంది. మొదటి వారం ఈ సంగతి తెలియక స్విచ్ నొక్కి పట్టుకుని ఏకధాటిగా తిప్పేశాను. పొద్దున్న ఐదున్నరకి ఫిల్టర్‌లో నీళ్లు పోస్తే ఆరున్నరకి కూడా కింద గిన్నెలో రెండు చెంచాల డికాషన్ లేదు. ఆ మెత్తటి పిండి రంధ్రాలన్నీ మూసేసింది. ఆపకుండా అర నిమిషానికి మించి తిప్పకూడదని మెషిన్‌తో వచ్చిన కాగితంలో రాసే ఉంది. ఎక్కువ తిప్పితే మోటారుతో పాటు పొడీ వేడెక్కి, వాసన అక్కడే ఎగిరిపోతుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఇద్దరికి 20 గ్రాముల గింజలు. రెండు సెకన్లు నొక్కి వదలడం, గ్రైండర్‌ను రెండు చేతులతో పట్టుకుని ఒకసారి కుదపడం, మళ్లీ నొక్కడం. ఇలా 12 సార్లు. కుదిపినప్పుడు నూక కిందికి, బ్లేడు దగ్గరికి చేరుతుంది. శబ్దాన్ని బట్టి కూడా తెలుస్తుంది: మొదట గింజలు టపటపమని కొట్టుకుంటాయి, చివరికి ఒకే రకం రొద అవుతుంది. అప్పుడు ఆపేయాలి. మూత తీసే ముందు పైన రెండు దెబ్బలు తడితే అంటుకున్న పొడి రాలుతుంది. వేళ్ల మధ్య రుద్దితే బొంబాయి రవ్వకన్నా సన్నగా, మైదా కన్నా గరుకుగా తగలాలి. ఈ పొడితో 15, 20 నిమిషాల్లో డికాషన్ దిగుతుంది. తాజా గింజలైతే వేడినీళ్లు పోయగానే పొడి ఉబ్బి పైన పెట్టిన బిళ్ళను కాస్త పైకి నెడుతుంది. ఆ క్షణం కోసమే నేను వంటింట్లో నిలబడి చూస్తుంటాను.

గింజను బట్టి లెక్క మారుతుంది. బాగా నల్లగా వేయించినది పెళుసు, త్వరగా నలుగుతుంది. మా తమ్ముడు విశాఖ నుంచి అరకు అరబికా తెస్తాడు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాఫీ అది. అతను తెచ్చేది మధ్యస్థంగా వేయించినది, గింజ గట్టి. దానికి 16 సార్లు పడుతుంది.

మిక్సీ చిన్న జార్ చాలదా అని చాలామంది అడుగుతారు. 20 గ్రాములు వేస్తే గింజలు బ్లేడు పైన ఎగురుతూ ఉంటాయి తప్ప నలగవు. పైగా ఎంత కడిగినా జార్‌కి పచ్చడి వాసన పోదు. కరెంటు పోయినప్పుడు మా ఇన్వర్టర్ మీద మిక్సీ నడవదు, ఇది నడుస్తుంది.

కాఫీలో కలిపే చికోరీ అనే వేరు పొడి సంగతి గట్టిగా చెప్పాలి. దాన్ని ఇందులో వేయకండి. ఒక వానాకాలం రాత్రి చికోరీ పొడిని గింజలతో కలిపి తిప్పి, మిగిలింది అందులోనే వదిలేశాను. పొద్దున్నకి తేమ పీల్చుకుని బ్లేడు చుట్టూ బెల్లం పాకంలా గట్టిపడింది. గిన్నె మోటారుతో కలిసి ఉంటుంది కాబట్టి నీళ్ల కింద పెట్టి కడగలేం. చెక్క పుల్లతో గీకి, తడిగుడ్డతో తుడిచి బాగుచేసేసరికి గంట పట్టింది. ఇప్పుడు చికోరీ విడిగా కొని, పొడి చేశాక చెంచాతో కలుపుతాను. మన దగ్గర మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన, అంటే చికోరీ దాదాపు సగం దాకా ఉండొచ్చు. ఇంట్లో కలుపుకుంటే ఎంత వేయాలో మన ఇష్టం. మాది 85:15.

ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు అత్తగారు ఇందులో మిరియాలు పొడి చేశారు. తర్వాత నాలుగు రోజులు కాఫీలో ఘాటు. పాత గింజలు గుప్పెడు వేసి తిప్పి పారేశాను, అలా రెండుసార్లు చేశాక పోయింది. ఇప్పుడు మసాలాలు మిక్సీలోనే.

రెండో ఏడు చివర్లో మూతకి ఉండే ప్లాస్టిక్ కొక్కెం విరిగింది. అది సరిగ్గా కూర్చోకపోతే మెషిన్ తిరగదు. కొత్త మూత కోసం సర్వీస్ సెంటర్ వాళ్లు మూడుసార్లు తిప్పి, ఐదు వారాలకి ఇచ్చారు. ఆ ఐదు వారాలూ మళ్లీ అంగడి పొడే. కొనేటప్పుడు విడి మూత దొరుకుతుందో లేదో ముందే అడగండి. బ్లేడు మాత్రం ఇప్పటికీ బాగా నరుకుతోంది.

ఎస్ప్రెసో, అంటే మెషిన్‌లో ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ, చేసుకునేవాళ్లకి ఇది పనికిరాదు. వాళ్లకి నలిపే రకం కావాలి, దాని ఖరీదు దీనికి ఎన్నో రెట్లు. ఫిల్టర్ కాఫీ తాగే ఇంటికి నేను నిస్సంకోచంగా చెబుతాను, కొనండి. చప్పుడు మాత్రం ఎక్కువే. మా పాప నిద్ర లేస్తుందని నేను మూత మీద మడత పెట్టిన తువ్వాలు వేసి నొక్కుతాను.