సెస్నా 172లో హడ్సన్ చక్కర్: సీట్లు నాలుగు, ఎక్కాల్సింది ముగ్గురు

ఎడిసన్‌లో కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో పోయే నల్గొండ, పాలమూరు పెద్దలకు చూపించదగ్గ వాటిలో న్యూయార్క్‌ను చిన్న విమానంలోంచి చూడటం ఒకటి. న్యూజెర్సీలో కాల్డ్‌వెల్, లిండెన్ లాంటి చిన్న ఎయిర్‌పోర్టుల నుంచి సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం అద్దెకు తీసుకుని లేచి, హడ్సన్ నది వెంట పోయి, లిబర్టీ విగ్రహం చూసి తిరిగి రావడం. పెద్దవూర వైపు సాగర్ శిక్షణ విమానాలను చూసినవాళ్లకు ఈ రకం గాలిమోటర్ కొత్తేం కాదు. ఈ పనికి 172 చాలా మంచి బండి. పేచీ అంతా నాలుగో సీటుతోనే.

172ఎస్ మోడల్ గరిష్ఠ బరువు 1157 కిలోలు. ఖాళీ విమానమే దాదాపు 760 కిలోలు ఉంటుంది (ఒక్కోదానికి ఒక్కో లెక్క, దాని కాగితాల్లో చూడాలి). ట్యాంకులు నిండా ఉంటే వాడుకోగలిగే పెట్రోలు 53 గ్యాలన్లు, అంటే 144 కిలోలు. మిగిలేది 250. పైలట్‌కు 80 పోతే ఇక ఇద్దరే. సగం ట్యాంకుతో పోతే నాలుగో మనిషి కాగితం మీద సరిపోతాడు. కానీ ముందు నడిపినవాళ్లు నింపి వదిలిన పెట్రోలును అప్పటికప్పుడు ఎవరూ తోడి ఇవ్వరు. అందుకే ఎంత పెట్రోలు ఉంచాలో ముందురోజే ఫోన్‌లో చెప్పాలి, అందరి బరువులూ దాచకుండా చెప్పాలి. ఎండ కూడా బరువులాంటిదే. నల్గొండలో 42 డిగ్రీలుంటే ఇంజిన్‌కు, రెక్కకు అది దాదాపు 5000 అడుగుల ఎత్తులోని పలచటి గాలితో సమానం. న్యూజెర్సీలో 35 డిగ్రీలకే 2500 అడుగుల లెక్క వస్తుంది. జూలైలో నలుగురిని ఎక్కించుకుని లేవడం ఎంతమాత్రం మంచిది కాదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఇది పైపర్ అనే మరో రకం చిన్న విమానం కన్నా నయం. పైపర్ చెరొకీకి తలుపు కుడివైపు ఒక్కటే, అదీ రెక్క మీదికెక్కి పోవాలి. సెస్నాకు రెండు వైపులా తలుపులు, కింద అడుగు పెట్టే మెట్టు ఉన్నాయి. ముందు కుడి సీటు ఎదుట కూడా రడ్డర్ పెడల్స్ (విమానం తోకను కదిలించేవి) ఉంటాయి కాబట్టి అక్కడ కూర్చునేవాళ్ల కాళ్లు, చీర కుచ్చిళ్లు వాటికి తగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ముందు సీట్ల పిన్ను పట్టాలోని రంధ్రంలో పడిందో లేదో ఊపి చూడటం. పిన్ను పడకపోతే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారుతుంది, పైలట్ చేతిలోని యోక్ (స్టీరింగ్ లాంటిది) కూడా వెనక్కి లాగుకొస్తుంది, ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది. సెస్నాల్లో ఇది పాత జబ్బు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది దారిని బట్టి తేలుతుంది. హడ్సన్ మీద కుడివైపు నడక నియమం. దక్షిణానికి పోయేటప్పుడు న్యూజెర్సీ ఒడ్డు వెంట, ఉత్తరానికి వచ్చేటప్పుడు మన్‌హాటన్ ఒడ్డు వెంట. పోతున్నప్పుడు నగరమంతా ఎడమవైపు, నది అవతల ఉంటుంది. వస్తున్నప్పుడు కుడివైపు, బాగా దగ్గరగా. కుడి సీట్లే మేలు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి చూడటానికి అది అడ్డం రాదు. అయితే 1200 అడుగుల్లో పోతుంటే వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కొన, 1776 అడుగులు, మీకన్నా పైనే ఉంటుంది. తలెత్తి చూడబోతే అదే రెక్క అడ్డం వస్తుంది. మలుపు తిరిగేటప్పుడు కిందికి వాలిన రెక్క అటువైపు విమానాలను కూడా కప్పేస్తుంది. అందుకే మంచి పైలట్ తిరగబోయే ముందు ఆ రెక్కను కొంచెం పైకెత్తి చూసి మరీ తిరుగుతాడు.

అలా చూడటం అక్కడ ప్రాణంతో సమానం. 1300 అడుగుల లోపు ఆ దారిలో విమానాలను ఎడంగా ఉంచే కంట్రోలర్ ఎవరూ ఉండరు. 2009 ఆగస్టు 8న అక్కడే ఒక పైపర్, ఒక టూర్ హెలికాప్టర్ ఢీకొని 9 మంది పోయారు. ఆ నవంబరులో వచ్చిన నియమాలే ఇప్పటి పద్ధతికి పునాది. ఆగకుండా దాటిపోయేవాళ్లు 1000 నుంచి 1300 లోపు, అక్కడక్కడే తిరిగేవాళ్లు 1000కి కింద ఉండాలి. వేగం 140 నాట్లు (గంటకు దాదాపు 260 కిలోమీటర్లు) మించకూడదు, లైట్లన్నీ వెలగాలి. రేడియోలో 123.05 ఫ్రీక్వెన్సీ మీద ఆల్పైన్ టవర్, జార్జ్ వాషింగ్టన్ వంతెన, ఇంట్రెపిడ్ (మ్యూజియంగా మార్చిన యుద్ధనౌక), జెర్సీ సిటీ ఒడ్డునున్న కోల్గేట్ గడియారం, లిబర్టీ విగ్రహం, వెరజానో వంతెన, ఇలా ఒక్కో చోటు దగ్గర తామెవరో, ఎటు పోతున్నారో, ఎంత ఎత్తులో ఉన్నారో చెప్పుకుంటూ పోవాలి. తేలిగ్గా దొర్లే తప్పు ఆల్టిమీటర్‌లో, అంటే ఎత్తు చూపే మీటర్‌లో. అందులో ఆనాటి గాలి పీడనం (పాదరసం అంగుళాల్లో) 0.10 తేడాగా పెడితే ఎత్తు 100 అడుగులు తప్పుతుంది, 1200 అనుకుంటూనే 1300 అంచుకు చేరి అనుమతి లేని గగనతలంలోకి జొరబడతారు. పైలట్ ఈ దారి ఇదివరకు నడిపాడా అని మొహమాటం లేకుండా అడగండి. నడపకపోతే, నడిపిన ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండాల్సిందే, అప్పుడు నిండా ట్యాంకుతో మీవాళ్లలో ఎక్కేది ఒక్కరే.

ఇంజిన్ ఆగితే ఫ్లాప్స్ (రెక్క వెనక కిందికి దించే రేకులు) ఎత్తి 68 నాట్లలో 1000 అడుగులకు దాదాపు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతుంది. 1200 నుంచి చేతిలో ఉండేది రెండు నిమిషాల లోపే, దిగేది చాలావరకు నీళ్లలోనే. లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. దాన్ని విమానం లోపల ఊదకూడదు, బయటికొచ్చాకే ఊదాలి.

ఫోటోలకు సాయంత్రం బాగు, పడమటి ఎండ మన్‌హాటన్ ముఖం మీద పడుతుంది. పెద్దవాళ్లకు మాత్రం పొద్దున్నే బాగు, గాలి నిలకడగా ఉంటుంది, వాంతుల బాధ తక్కువ. ముదురు రంగు బట్టలైతే అద్దంలో నీడ పడదు. ఫోన్‌ను అద్దానికి ఆనిస్తే వణుకంతా వీడియోలోకి ఎక్కుతుంది. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశాలప్పుడు దారికి ఆంక్షలుంటాయి, టికెట్లు కొనేముందే చూసుకోవాలి.

అద్దె ‘వెట్’ అంటే పెట్రోలుతో కలిపి, ‘డ్రై’ అంటే పెట్రోలు ఖర్చు విడిగా మీరే పెట్టుకోవాలి. చాలాచోట్ల హాబ్స్ మీటర్ లెక్క. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అది నడుస్తుంది, రన్‌వే ముందు వరుసలో నిలబడ్డ పావుగంటకూ డబ్బు పడుతుంది. శని, ఆదివారాలు మాని మంగళ, బుధవారాల పొద్దున బుక్ చేస్తే ఆ వరుస చిన్నగా ఉంటుంది.