బరువైన లెన్సుకి ట్రైపాడ్: ఆరేళ్ళు వాడాక

గూడబాతు పైముక్కు అంచున నల్ల చుక్కలు వరసగా ఉంటాయి, కుట్టు మిషను మీద కుట్టు వేసినట్టు. 2018 జనవరిలో కొల్లేరు దగ్గరి ఆటపాక గట్టు మీంచి నేను తీసిన ఫోటోల్లో ఆ చుక్కలు ఒక్కొక్కటీ రెండేసి అయ్యాయి. అక్కడ కెమెరా తెర మీద చూసుకున్నప్పుడు అన్నీ బాగానే కనిపించాయి. పిల్ల తల్లి గొంతు సంచిలోకి మెడదాకా దూరి మేత తింటోంది, వెనక మంచు, ఇంకా ఎండ రాలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే నలభై ఫోటోల్లో ఒక్కటీ నిలవలేదు. ఫోకస్ తప్పితే బొమ్మంతా మెత్తగా మసకేస్తుంది. ఇక్కడ ప్రతి చుక్కా పైనొకటి కిందొకటిగా జంట కట్టింది. అది వణుకు. నా చేతిది కాదు, ట్రైపాడ్‌ది.

నా దగ్గరున్నది నికాన్ 200-500 లెన్సు, డి500 కెమెరా బాడీ. లెన్సు, దాన్ని ట్రైపాడ్‌కి బిగించే కాలర్‌తో కలిపి, 2,300 గ్రాములు, బాడీ బ్యాటరీతో 860. అంటే మూడు కిలోల పైన. అప్పటి ట్రైపాడ్ డబ్బా మీద 8 కిలోలు మోస్తుందని రాసి ఉంది. మూడెక్కడ, ఎనిమిదెక్కడ, ఇంకేం కావాలి అనుకుని కొన్నాను. ఆ లెక్కే తప్పు. ఎన్ని కిలోలు మోస్తుందో కొలవడానికి కంపెనీలన్నీ పాటించే పద్ధతంటూ ఏదీ లేదు, ఎవరి అంకె వాళ్ళదే. పైగా ఆ అంకె చెప్పేది కాళ్ళు కుంగకుండా, విరగకుండా ఎంత బరువు మోస్తాయనే. గాలి తగిలినా, షట్టర్ కొట్టినా పుట్టే కదలిక ఎంతసేపట్లో ఆగుతుందో అది చెప్పదు. పొడుగు లెన్సుకి కావాల్సింది ఆ రెండో సంగతి.

ఎంత చిన్న కదలిక బొమ్మని పాడుచేస్తుందో ఒకసారి లెక్క కట్టాను. ఈ బాడీ మీద లెన్సుని 500 మి.మీ. దగ్గర పెడితే, 60 మీటర్ల దూరంలో కెమెరాకి కనిపించే వెడల్పు 2.8 మీటర్లు. ఆ వెడల్పులో 5,568 పిక్సెళ్ళు. అంటే పిక్సెల్‌కి అర మిల్లీమీటరు. అరవై మీటర్ల అవతల గురి రెండు మిల్లీమీటర్లు జరిగితే చాలు, చుక్క పక్కన ఇంకో చుక్క పడుతుంది. ఈ లెక్క తెలిశాక ట్రైపాడ్‌ని చూసే చూపే మారిపోయింది.

ఆ మొదటి దానితో ఇంకో ఏడాది నెట్టుకొచ్చాను. దాని మీద కెమెరా బిగించే భాగం మామూలు బాల్ హెడ్, అంటే గోళం మీద తిరిగేది. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో ఒక పొద్దున, చెరువు మధ్య చెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు వాలుతుంటే, పక్కకి తిప్పుదామని నాబ్ కాస్త వదులు చేశాను. మూడు కిలోల లెన్సూ బాడీ ఒక్కసారిగా ముందుకు తల వాల్చేశాయి. లెన్సు ముందుండే హుడ్ వెళ్ళి ట్రైపాడ్ కాలికి కొట్టుకుని నెర్రె ఇచ్చింది. ఎడమ చేతి బొటనవేలు మధ్యలో పడి నలిగింది. గోరు నల్లబడి రెండు నెలలు ఉంది. బాల్ హెడ్ మీద బరువంతా గోళం పైన నిలబడుతుంది, పట్టు సడలితే ఎటు వీలైతే అటు పడుతుంది. బరువైన లెన్సుకి అది వద్దే వద్దని అప్పుడు తీర్మానించుకున్నాను.

గింబల్ హెడ్‌లో లెన్సు ఉయ్యాల్లో వేలాడినట్టు ఉంటుంది. లెన్సు కింద బిగించిన ప్లేటుని ముందుకీ వెనక్కీ జరిపి, లెన్సు ఏ కోణంలో వదిలితే ఆ కోణంలోనే ఆగేటట్టు తూకం కుదర్చాలి. తూకం కుదిరిందంటే రెండు వేళ్ళతో ఎగిరే పక్షి వెంట తిప్పవచ్చు. కొత్తవాళ్ళు చాలామంది ముందు వెనకల తూకం చూసి ఆపేస్తారు. ఎత్తు తూకం కూడా ఉంది. లెన్సు మధ్య గీత, గింబల్ తిరిగే ఇరుసు ఒకే ఎత్తులో రావాలి. లేకపోతే లెన్సు నేలబారుగా ఉన్నప్పుడు నిలిచి, పైకి ఎత్తగానే జారుతుంది. నా గింబల్ బరువు కిలో నాలుగు వందలు. మోస్తున్నంతసేపూ భుజానికి తెలుస్తూనే ఉంటుంది, అయినా దీన్ని వదిలి వెళ్ళిన రోజు లేదు.

ఇక కాళ్ళ సంగతి. ఇప్పుడు ఆరో ఏడు వాడుతున్నది కార్బన్ ఫైబర్‌ది, నాలుగు మడతలది, పై గొట్టం 32 మిల్లీమీటర్లు. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఇవే కొలతల్లో మూడు నాలుగు కంపెనీలవి దొరుకుతున్నాయి, కొలతే అసలు విషయం. గొట్టం గోడ మందం ఒకటే అనుకుంటే, 25 మిల్లీమీటర్ల నుంచి 32కి వెళ్ళేసరికి వంగకుండా నిలిచే గట్టిదనం దాదాపు రెండింతలవుతుంది. అడ్డకొలత కొద్దిగా పెరిగితే బలం అంతకు చాలా ఎక్కువగా పెరుగుతుంది. కొన్ని కంపెనీలు ఈ కొలతని మోడల్ పేరులోనే పెడతాయి. లియోఫోటోలో 324సి అంటే 32 మి.మీ., 4 మడతలు, కార్బన్. గిట్జోలో సిరీస్ అంకె పెరిగేకొద్దీ గొట్టం లావవుతుంది. మోసే బరువు గురించి అడిగే ముందు ఈ అంకె అడగండి.

మడతలు మూడా, నాలుగా అన్నది మీ ప్రయాణాన్ని బట్టి. నాది బైకు మీద వెళ్ళే పని, పొట్టిగా ముడుచుకోవాలి కాబట్టి నాలుగు తీసుకున్నాను. కానీ నాలుగు మడతల్లో అట్టడుగు గొట్టం 22 మిల్లీమీటర్లకి దిగిపోతుంది. అందుకే ఎత్తు మరీ అవసరమైతే తప్ప ఆ చివరిది లాగను. కారులో వెళ్ళేవాళ్ళు మూడు మడతలదే తీసుకోండి.

మధ్యలో పైకి లేచే సెంటర్ కాలమ్ మాత్రం పెట్టుకోకండి. ఇది నా గట్టి మాట. మూడు కాళ్ళ మీద కట్టిన గట్టిదనమంతా ఆ ఒక్క గొట్టం మీదికొచ్చి ఆగిపోతుంది. కాలమ్ ఎత్తకుండానే కెమెరా మీ కంటి ఎత్తుకో, కాస్త కిందకో రావాలి. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. గింబల్ పెట్టాక కొద్దిగా వంగి చూస్తాను, మూడు గంటలు నిలబడితే నడుం పట్టేస్తుంది. ఇంకో నాలుగంగుళాలు పొడుగున్నది తీసుకోవాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

కొనే ముందు నేను చేసిన పరీక్ష ఇది, ఏ కొట్లోనైనా చేయవచ్చు. మీ లెన్సు, మీ బాడీ పట్టుకెళ్ళండి. ట్రైపాడ్ మీద పెట్టి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, వీలైనంత పెద్దది చేసి, ఎదుటి గోడ మీద ఏదో ఒక అక్షరాన్ని చూడండి. లెన్సు ముందు భాగాన్ని వేలితో ఒక్కసారి మీటి, అక్షరం ఊగడం ఆగేదాకా లెక్కపెట్టండి. నా పాతదాని మీద అయిదు లెక్కపెట్టాను. దీని మీద ఒకటి పూర్తయ్యేలోపే నిలిచిపోయింది. కొట్టు యజమాని, "ఏంటండీ, వీణ మీటినట్టు మీటుతున్నారు" అన్నాడు, తర్వాత ఆయనే వంగి తెరలో చూశాడు.

ఒక్కోసారి కాళ్ళు గట్టివే అయినా ఊగుతుంది. అప్పుడు లెన్స్ ఫుట్ దగ్గర, అంటే కాలర్ కింద ప్లేటు బిగించే చోట, చూడాలి. ప్లేటు ఒకే మరతో బిగిస్తే అది మెల్లమెల్లగా పక్కకి తిరుగుతుంది. రెండు మరలుండే పొడుగు ప్లేటు వేసుకుంటే ఆ గొడవ పోతుంది. మరలు బిగించే అలెన్ కీ ఒకటి సంచిలో ఉండాల్సిందే. కాళ్ళు పైన కలిసే చోటున్న బోల్టులు కూడా ఏడాదికోసారి వదులవుతాయి. ట్రైపాడ్ ఎత్తి పట్టుకుంటే కాలు దానంతటదే కిందికి ఊగిందంటే బిగించే టైమొచ్చినట్టు.

కొల్లేరు మట్టి సంగతి వేరే చెప్పాలి. గట్టు అంచున ఒండ్రులో కాళ్ళు గుచ్చితే పది నిమిషాల్లో ఒక పక్క కుంగుతుంది, గురి కిందికి జారిపోతుంది. కింద మేకులు బిగించి చూశాను, ఇంకా లోతుకి దిగాయి. నేను అవస్థ పడటం చూసి అక్కడ పడవ నడిపే పెద్దాయన, "అట్టా గుచ్చితే ఎట్టా నిలుస్తాది బాబూ, చిప్పలెయ్యి కింద" అని మూడు కొబ్బరి చిప్పలు తెచ్చిచ్చాడు. చిప్పని వెల్లకిలా పెట్టి చేత్తో నొక్కితే అడుగు బురదలో కూర్చుంటుంది, రబ్బరు పాదం గుంటలో కుదురుతుంది. బరువు పరుచుకుంటుంది, కాలు పక్కకి జారదు. అప్పటినుంచీ సంచిలో మూడు చిప్పలు ఎప్పుడూ ఉంటాయి.

కాళ్ళ గొట్టాలని తిప్పి బిగించే ట్విస్ట్ లాకులు నాకు నచ్చాయి, కానీ అవి సేవ కోరతాయి. తిప్పుతుంటే గరగరమని శబ్దం వచ్చిందంటే లోపల ఇసుక చేరినట్టే. లాకు పూర్తిగా విప్పి గొట్టం బయటికి లాగితే, దాని పైకొసన రెండు సన్నటి ప్లాస్టిక్ రేకులు ఊడి వస్తాయి. వాటిని ఏ వైపు ఎలా ఉన్నాయో అలాగే తెల్ల తువ్వాలు మీద పేర్చుకోండి, ముందే ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, మరలకి మాత్రం గోటితో తీసుకున్నంత గ్రీజు రాయాలి. గొట్టానికి రాయకూడదు, లాకు జారుతుంది. కొల్లేరు వెళ్ళొస్తే రెండు మూడు సార్లకొకసారి చేస్తాను. పులికాట్ వెళ్ళొస్తే ఆ రాత్రే చేస్తాను, ఎంత అలసిపోయినా సరే. ఉప్పునీళ్ళు తెల్లారేదాకా ఆగితే అల్యూమినియం మరల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది.

గాలి రోజుల్లో కింద కొక్కేనికి సంచి తగిలించమని అందరూ చెబుతారు. గాల్లో వేలాడే సంచి ఊగి, ట్రైపాడ్‌నీ ఊపుతుంది. సంచి అడుగు నేలని తాకేటట్టు కట్టండి, అప్పుడే లాభం. ఇంకొకటి: ట్రైపాడ్ మీద హెడ్ బిగించి కదలకుండా ఉంచినప్పుడు లెన్సులోని వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపేస్తాను, గింబల్ వదులుగా పక్షి వెంట తిప్పుతున్నప్పుడు వేస్తాను. వెలుతురు తక్కువగా ఉండి షట్టర్ సెకనులో 1/60కి దిగితే, కెమెరా లోపలి మిర్రర్‌ని ముందే పైకి లేపి ఉంచే మోడు పెట్టుకుని రిమోటుతో నొక్కుతాను. షట్టర్ 1/2000 మీదున్న ఎండలో ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు, అప్పుడు ట్రైపాడ్ చేతులకి విశ్రాంతి ఇస్తే చాలు.

పడవలో ట్రైపాడ్ దండగ. పడవే కదులుతుంటే కాళ్ళెంత లావైతే ఏం? గుడ్డ సంచిలో అలసందలు నింపి పడవ అంచు మీద వేసి దాని మీద లెన్సు పెడతాను. వాచ్ టవర్ మీద కూడా అంతే, ఎవరైనా మెట్లెక్కుతుంటే పలకలన్నీ కదులుతాయి, వాళ్ళు ఆగేదాకా షట్టర్ నొక్కను.

కిందటి చలికాలంలో కానన్ 600 ఎఫ్4 లెన్సున్న ఒక మిత్రుడు వచ్చారు. ఆ లెన్సొక్కటే 3.9 కిలోలు. నా ట్రైపాడ్ కాళ్ళ మీదే ఒక పూటంతా పెట్టి చూశాం. 1/500 దగ్గర ఏ ఇబ్బందీ లేదు. 1/80కి దింపితే పదింట్లో నాలుగైదు వణికాయి. ఆ లెన్సుకి నా 32 చాలదు, 36 గానీ 40 గానీ కావాలని ఆయనకి చెప్పాను. నా లెన్సుతో అదే గట్టు మీద, అదే మంచులో, 1/60 దగ్గర తీసినవి ఇంటికొచ్చి పెద్దవి చేసి చూశాను. గూడబాతు ముక్కు అంచున చుక్కలు ఒక్కొక్కటీ ఒక్కటిగానే ఉన్నాయి, వరసలో పదకొండు లెక్కపెట్టాను.