డబుల్ బెడ్రూం ఇల్లు బాగుంది, లిఫ్టు సంగతే చెప్పాలి

తెలంగాణ ప్రభుత్వం పేదలకు ఉచితంగా ఇచ్చే డబుల్ బెడ్రూం ఇల్లు 2023లో తీసిన లాటరీలో మాకు వచ్చింది. ఏడో అంతస్తు. 560 చదరపు అడుగులు, రెండు బాత్రూములు, పైసా కట్టక్కర్లేదు, అమ్ముకోవడానికి లేదు... ఇవన్నీ తెలంగాణలో చిన్నపిల్లలు కూడా చెప్తారు కాబట్టి వదిలేస్తున్నా. గోడలకు చెమ్మ పట్టలేదు. వంటింటి కిటికీ సరిగ్గా పడదు. ఇంటి గురించి అంతకంటే ఫిర్యాదు లేదు. నేను రాయాలని కూర్చున్నది లిఫ్టు గురించి.

కొత్తలో ఇంటికి చుట్టాలెవరొచ్చినా హాలు కంటే ముందు లిఫ్టే చూపించేదాన్ని. అంతకుముందు బస్తీలో రేకుల గదిలో అద్దెకుండేవాళ్లం. పేపరు చేతికొచ్చినరోజు ఏడో అంతస్తని చూసి మా అత్తమ్మ ముఖం చిన్నబోయింది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. వికలాంగుల సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు కింది ఇళ్లు ఇచ్చారు గానీ మోకాళ్ల నొప్పికి సర్టిఫికెట్ ఏముంటుంది? లిఫ్టు ఉంది కదమ్మా అని నేనే సర్దిచెప్పాను. పైకి వచ్చాక ఆమే మురిసిపోయింది. గాలి ధారాళంగా వస్తుంది, దోమలు తక్కువ, వానాకాలం నీళ్లు ఇంట్లోకొస్తాయన్న భయం లేదు. ఎవరడిగినా పై అంతస్తే తీసుకోమని చెప్పేదాన్ని. ఇప్పుడూ చెప్తాను, ముందు ఆ బ్లాకులో లిఫ్టు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో కనుక్కోమని కూడా చెప్తాను.

ఎందుకంటే ఇల్లు ఉచితం, లిఫ్టు ఉచితం కాదు. కట్టేటప్పుడు ఒక్కో ఇంటికి ఇంతని యూనిట్ కాస్ట్ లెక్క వేస్తారు, లిఫ్టు కొని బిగించడం వరకూ అందులోనే వస్తుంది. ఆ తర్వాత నెలనెలా కరెంటు, సర్వీసు, అరిగిపోయిన తాడు, కాలిపోయిన బోర్డు... వీటికి లెక్క ఎవరి పుస్తకంలోనూ లేదు. కాలనీలోని షాపుల అద్దెతో ఈ ఖర్చులు నడవాలన్నది మొదట్లో చెప్పిన మాట. హైదరాబాద్ శివార్లలోని కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు, బ్లాకుకు రెండు లిఫ్టులు, వాటితోపాటు షాపింగ్ కాంప్లెక్సులు కూడా కట్టారు. ఆలోచన మంచిదే. మాది అంత పెద్ద కాలనీ కాదు. మా దగ్గర షట్టర్లు చాలాకాలం తెరుచుకోనేలేదు, ఇంక అద్దె ఎక్కడిది?

మా బ్లాకులో రెండు లిఫ్టుల్లో ఒకటి మొదటి ఏడాదిలోనే ఆగింది. బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ పార్టు దొరకట్లేదన్నాడు. కొన్నాళ్లకు రెండోది ఆగితే, ఆగిపోయినదాంట్లోంచి బోర్డు పీకి దీనికి వేశాడు. మేమంతా సంతోషించి టీ కూడా తాగించాం. ఆ రోజు నుంచీ మాకున్నది ఒక్క లిఫ్టే, రెండోదాంట్లో పిల్లలు పాత చెప్పులు దాచుకుంటున్నారు.

అసలు దెబ్బ వానాకాలంలో తగిలింది. లిఫ్టు గుంతలోకి నీళ్లు దిగాయి. తోడడానికి చిన్న మోటారు ఉండాలట, మా గుంతలో అదిలేదు. నీళ్లలో వైర్లు తడిసి ఉన్న ఒక్కటీ ఆగిపోయింది. కట్టిన కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే గడువు అయిపోయిందన్నాడు. ఆఫీసుకు పోతే అసోసియేషన్ పెట్టుకోండి, మెయింటెనెన్స్ మీదేనన్నారు. లిఫ్టు కంపెనీవాళ్లు ఏడాది సర్వీసు డబ్బులు ముందే కడితేనే మనిషిని పంపుతామన్నారు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, అదే మా ఖర్మ.

దసరా ముందు నాకు చేతినిండా పని ఉంటుంది, బ్లౌజులు కుడతాను. బతుకమ్మకు కట్టుకోవాల్సినవి కుప్పలుగా ఉన్నాయి, కొలతలివ్వడానికి ఒక్కరూ ఏడంతస్తులు ఎక్కి రారు. బాల్కనీలోంచి తాడుకు సంచి కట్టి వదిలితే కిందివాళ్లు బట్ట, పాత జాకెట్టు వేసేవాళ్లు, నేను లాక్కునేదాన్ని. కుట్టినవి అదే దారిలో దిగేవి. డబ్బులు ఫోన్‌పే. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి గేటు దగ్గరే దించేసి పోయేవాడు, మా ఆయన ఆటో ఆపేసి వచ్చాక భుజాన వేసుకుని మోసేవాడు. ఆయన నడుం సంగతి ఇక్కడ రాయను. అత్తమ్మకు అప్పుడే కంటి ఆపరేషనై చెకప్‌కు పోవాల్సి ఉంటే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కింది అంతస్తుల పిల్లలు నలుగురు దింపారు. మళ్లీ ఎక్కించేటప్పుడు నాలుగో అంతస్తు అక్క మా ఇంట్లో పడుకోబెట్టండి, రేపు తీసుకుపోదురు అంది. అక్కడే రెండు రాత్రులు ఉంది. బస్తీ వదిలి వచ్చాక ఇరుగుపొరుగు ఉండరేమోనని బెంగపడ్డదాన్ని, ఆ అక్కతో దోస్తీ కుదిరింది మాత్రం లిఫ్టు పాడవడం వల్లే.

సరే, అసోసియేషన్ పెట్టాం. మీటింగులో మొదటి మాటే కింది అంతస్తు నుంచి వచ్చింది: "మేం లిఫ్టు ఎక్కం, మేమెందుకు కట్టాలి?" న్యాయంగానే అనిపించింది. పైవాళ్లు ఊరుకుంటారా, మోటారు ఎక్కించే నీళ్లు, కామన్ లైట్లు మీవి కూడా కదా అన్నారు. గొంతులు లేచాయి. చివరికి కింది అంతస్తుకు వంద, పైకి పోయేకొద్దీ పెంచుకుంటూ ఏడు నుంచి పైకి మూడొందలని తేల్చారు. నాకైతే మూడొందలు భారం కాదు, బస్తీలో కట్టిన అద్దెలో అదొక మూల. కానీ మా ఫ్లోర్‌లోనే ఇళ్లలో పనిచేసుకునే ఒకామె ఉంది. పాత బస్తీ దగ్గర నాలుగిళ్లు చేసేది, ఇక్కడికి వచ్చాక దూరమై రెండే మిగిలాయి, బస్సుల్లోనే సగం రోజు పోతోంది. ఆమెకు మూడొందలంటే మూడొందలే. ఇలాంటివాళ్లే తాళం వేసి మళ్లీ సిటీలో గది అద్దెకు తీసుకుంటున్నారు. తర్వాత సర్వేకొచ్చినవాళ్లు తాళం చూసి నోటీసు అంటిస్తున్నారు.

దీనికి గవర్నమెంటును పూర్తిగా తప్పుపట్టలేను. 2015లో మొట్టమొదట కట్టిన సికింద్రాబాద్ బోయిగూడ ఐడీహెచ్ కాలనీ చూడండి, 396 ఇళ్లు, గ్రౌండ్ మీద రెండంతస్తులే, అంతకుముందు వాళ్లున్న చోటే. లిఫ్టు గొడవ లేదు, పని పోయే గొడవా లేదు. అలా అందరికీ కట్టడానికి సిటీ నడిబొడ్డున జాగా ఏది? అందుకే శివార్లకు వచ్చారు, ఆకాశంలోకి లేపారు. లేపినప్పుడు పదేళ్ల లిఫ్టు సర్వీసు కూడా కాంట్రాక్టులోనే రాయించి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలిస్తున్నారు, నేల మీద కట్టుకోవచ్చు, లిఫ్టూ వద్దు, అసోసియేషనూ వద్దు. సొంత జాగా ఉన్నవాళ్లకు అది మేలు. మాలాగా గజం జాగా లేనివాళ్లకు లాటరీయే దిక్కు. రేషన్ కార్డు కూడా లేకుండా ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకు ఆ లాటరీ కూడా లేదనుకోండి, వాళ్లకు చూపించేది నైట్ షెల్టరే.

తీసుకోవచ్చా అంటే, మా మట్టుకు తీసుకోవచ్చు. మా ఆయనకు ఆటో ఉంది, ఎక్కడున్నా గిరాకీ దొరుకుతుంది. నాది ఇంట్లో మిషన్ పని. పాప స్కూలు నడిచిపోయేంత దూరం. ఈ మూడూ లేకపోతే నేను ఇలా రాసేదాన్ని కాదేమో. ఇంట్లో పెద్దవాళ్లుండి పై అంతస్తు వస్తే, కిందివాళ్లతో మార్చుకోవడానికి ఒప్పుకుంటారేమో ఆఫీసులో ముందే అడిగి చూడండి. మాకు కుదరదన్నారు, మీకు కుదరొచ్చు.

లిఫ్టు ఇప్పుడు నడుస్తోంది. గుంతలో మోటారు కూడా పెట్టించాం. వచ్చే నెల సర్వీసు కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది, ఇద్దరు ముగ్గురు ఇంకా డబ్బులివ్వలేదు, వాళ్లలో ఒకాయన అసోసియేషన్ ట్రెజరర్.