రెండేళ్లుగా ఒకే సర్వర్ మీద ఎనిమిదిమందిమి వివాడో నడిపాక

మా టీమ్ పని ఎఫ్‌పీజీఏలతో, అంటే లోపలి సర్క్యూట్‌ని మనమే మార్చుకోగల చిప్‌లతో. మన డిజైన్‌ని ఆ చిప్‌లోకి ఎక్కించే ఫైలుగా మార్చే సాఫ్ట్‌వేరే వివాడో, ఆ మార్చే పనే బిల్డ్. మా బిల్డులన్నిటికీ ఒకటే సర్వర్. 64 కోర్లు, 256 జీబీ ర్యామ్. మళ్లీ లాప్‌టాప్ మీద బిల్డ్ చేయమంటే నా వల్ల కాదు, కానీ దీన్ని కొన్నప్పుడు మేము కోర్లే లెక్కపెట్టుకున్నాం, అక్కడే బోల్తాపడ్డాం.

లైనక్స్‌లో వివాడో మామూలుగా 8 థ్రెడ్లే (ఒకేసారి నడిచే పనులు) వాడుతుంది, మిగతా కోర్లు ఊరికే కూర్చుంటాయి. పైగా ఈ ప్రాసెసర్ క్లాక్ తక్కువ. మా మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో రెండుంపావు గంటల్లో అయ్యే నా డిజైన్ ఇక్కడ మూడు గంటలు దాటుతుంది. లాభమల్లా, సాయంత్రం నాలుగైదు స్ట్రాటజీలతో (టూల్ సెట్టింగులతో) రన్లు వదిలేసి ఇంటికెళ్లి, పొద్దున వచ్చి దేనికి టైమింగ్ కుదిరిందో, అంటే ఏ డిజైన్ కావలసిన వేగం అందుకుందో చూసుకోవడమే.

అసలు కొరత ర్యామ్‌కి. వీయూ9పీ లాంటి పెద్ద చిప్ అయితే ఒక్కో బిల్డ్ ఇరవై, ముప్పై జీబీ తినేస్తుంది. రిలీజ్ ముందు రాత్రి టీమక్స్‌లో (మనం లాగౌట్ అయినా పని నడుస్తూనే ఉండే టెర్మినల్) రన్ పెట్టి వెళ్లాను. పొద్దున చూస్తే రూటింగ్ (చిప్ లోపల వైర్ల దారులు వేసే దశ) మధ్యలో లాగ్ ఆగిపోయి ఉంది, ఎర్రర్ లేదు, చివరి లైను సగంలో తెగింది. గంటసేపు నా కన్‌స్ట్రెయింట్లనే (డిజైన్‌కి నేను పెట్టిన షరతులు) తిట్టుకుని, చివరికి కెర్నల్ లాగ్ చూస్తే మెమరీ చాలక నా ప్రాసెస్‌ని లైనక్స్ కెర్నలే చంపేసింది. అర్ధరాత్రి ఇంకొకాయన పది రన్లు ఒకేసారి వదిలాడట! జాబ్‌లని వరుసలో పెట్టి నడిపే స్లర్మ్ పెట్టి ఒక్కో జాబ్‌కి 32 జీబీ అని గిరి గీశాకే ఆ టెన్షన్ పోయింది.

డిస్కు సంగతి, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టే. పాత రన్ల ఫోల్డర్లు తీసేవాడు ఉండడు, నెలకోసారి నిండిపోతుంది. ప్రాజెక్టు మాత్రం నెట్‌వర్క్ హోమ్‌లో పెట్టకండి, సర్వర్‌లోనే ఉన్న ఎన్‌వీఎంఈ (వేగమైన డిస్కు) మీద పెట్టుకోండి, తేడా మీకే తెలుస్తుంది. వివాడో జీయూఐ (బొమ్మల విండో) కూడా అక్కడ తెరవొద్దు, నత్తనడక. నేనైతే చెక్‌పాయింట్ ఫైలు (అప్పటిదాకా అయిన డిజైన్ దాచిన ఫైలు) తెచ్చుకుని నా మెషీన్‌లో చూస్తాను. పైగా తెరిచి ఉన్నంతసేపూ లైసెన్సు పట్టుకునే ఉంటుంది: ఒకాయన డిజైన్ తెరిచిపెట్టి సంక్రాంతికి ఊరెళ్లిపోతే, ఉన్న మూడు లైసెన్సుల్లో ఒకటి నాలుగు రోజులు ఆయన దగ్గరే ఉండిపోయింది.

చిప్‌లున్న బోర్డులు ల్యాబ్ పీసీకి తగిలించి ఉంటాయి, అందులో వాటిని నెట్‌వర్క్ మీద అందించే హార్డ్‌వేర్ సర్వర్ అనే ప్రోగ్రామ్ 3121 పోర్టులో నడుస్తుంది, ఎక్కడినుంచైనా ప్రోగ్రామ్ చేయొచ్చు. చాలా హాయి. ఒకసారి మాత్రం కేబుల్ సీరియల్ నంబరు చూసుకోకుండా పక్కవాడి బోర్డులోకి నా బిట్‌స్ట్రీమ్ (బిల్డ్ చివర వచ్చే ఫైలు) ఎక్కించేశాను. అతను దాని మీద రెండు రోజులుగా టెస్టు నడుపుతున్నాడు. వారం రోజులు అతని టీ ఖర్చు నాదే, ఇప్పుడు నా స్క్రిప్టులో మొదటి లైనే సీరియల్ నంబరు సరిచూడడం.