కొండంతా మంచు తీశారు, వాకిట్లో ఆరు మీటర్లు మిగిల్చారు

క్యాలిఫోర్నియా కొండల్లోని ట్రకీ అనే ఊళ్ళో అద్దె క్యాబిన్‌కి రెండు రాత్రులకు 940 డాలర్లు కట్టాను. అద్దె 578, క్లీనింగ్ ఫీజు 165, బుకింగ్ సైట్ సర్వీస్ ఫీజు 105, మిగతాది పన్ను. అక్కడి దాకా సియెరా నెవాడా కొండల మీద మంచు తీసి దారి ఇచ్చినవాళ్ళు నన్ను ఎక్కడా ఆపి డబ్బులడగలేదు. 940 తీసుకున్న పెద్దమనిషి మాత్రం తన వాకిట్లో ఆరు మీటర్లు తీయించలేకపోయాడు. ఆ మంటలోనే ఇది రాస్తున్నా.

2025 ఫిబ్రవరి, ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. అమ్మకు మంచు చూడాలని కోరిక. నాన్న ఆర్ అండ్ బీలో, అంటే రోడ్లు భవనాల శాఖలో, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యారు, ఆయనకు ఎక్కడికెళ్ళినా రోడ్డు చూడటమే పని. ఫ్రీమాంట్ నుంచి బయల్దేరి, బెనీషియా బ్రిడ్జి మీద 8 డాలర్ల టోల్ కట్టి, ఐ-80, అంటే ఇంటర్‌స్టేట్ 80 హైవే, ఎక్కాం. దారి మొత్తంలో టోల్ అదొక్కటే. మామూలు రోజుల్లో మూడున్నర గంటల ప్రయాణం. మాకు ఎనిమిదిన్నర పట్టింది.

శాక్రమెంటో దాటాక నాన్న ప్రశ్నలు మొదలయ్యాయి. "ఇది నేషనల్ హైవే కదా, కేంద్రం వాళ్ళు చూసుకోరా?" కాదు. ఇంటర్‌స్టేట్ అని పేరున్నా ఇక్కడ రోడ్డు రాష్ట్రానిదే. డిజైన్, రిపేర్లు, మంచు తీయడం అన్నీ క్యాలిఫోర్నియా రవాణా శాఖ చూసుకుంటుంది. అందరూ క్యాల్‌ట్రాన్స్ అంటారు. రాష్ట్రాన్ని 12 జిల్లాలుగా విడగొట్టుకున్నారు, మేం ఎక్కే కొండ మేరీస్‌విల్‌లో ఆఫీసున్న 3వ జిల్లాది. "అంటే మన సర్కిల్ లాగా" అని ఆయన తలూపారు. మరి డబ్బు? పెట్రోలు మీద పన్ను. 2017లో చట్టం చేసి గాలన్‌కు 12 సెంట్లు పెంచారు, తర్వాత ధరలతో పాటు పెరుగుతూ మా ట్రిప్పు నాటికి పన్ను మొత్తం 59.6 సెంట్లయింది. ఉచితం అనుకున్నది ఉచితం కాదన్నమాట. అయినా నాకు బాధ లేదు, ఎందుకో చెప్తాను.

ఆబర్న్ దగ్గర పడేసరికి వాన, కోల్‌ఫ్యాక్స్ దాటాక మంచు. గోల్డ్ రన్ రెస్ట్ ఏరియాలో ఆగాం. టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, పార్కింగ్‌కి డబ్బుల్లేవు. కార్లోనే అమ్మ స్టీలు డబ్బా తీసి పులిహోర పెట్టింది. ట్రిప్పు మొత్తంలో నోటికి రుచిగా తిన్నది అదే. అక్కడే ఫోన్‌లో క్విక్‌మ్యాప్ చూశాను. క్యాల్‌ట్రాన్స్ వాళ్ళ మ్యాప్, మంచులో జారకుండా చక్రాలకు చుట్టే చెయిన్లు ఎక్కడ కావాలో, ఎక్కడ రోడ్డు మూసేశారో చూపిస్తుంది. కింగ్‌వేల్ నుంచి ఆర్‌2 అని ఉంది. ఆర్‌1 అయితే స్నో టైర్లున్న మామూలు కార్లు చెయిన్లు వేసుకోకుండా పోవచ్చు. ఆర్‌2 అంటే ఇంజన్ నాలుగు చక్రాలనూ తిప్పే బండై, నాలుగింటికీ స్నో టైర్లుంటే తప్ప చెయిన్లు వేయాల్సిందే. ఆర్‌3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు, కాకపోతే అంత దాకా రాకముందే చాలాసార్లు రోడ్డే మూసేస్తారు. మాది క్యామ్రీ, ఇంజన్ ముందు రెండు చక్రాలనే తిప్పుతుంది. మా ఆవిడ నా వైపు చూసింది. శాక్రమెంటోలో చెయిన్లు కొందామని తను అంటే అక్కర్లేదన్నది నేనే.

ఫలితం: కొండ మీద ఒక పెట్రోలు బంకులో చెయిన్లకు 145 డాలర్లు. కింద 70కి వచ్చే సరుకే. మంచు దారిలో వెళ్ళేవాళ్ళెవరైనా సరే, చెయిన్లు కిందే కొనండి, ఇంటి ముందు ఒకసారి వేసి చూసుకోండి.

వేయడం నాకు రాలేదు. రోడ్డు పక్కన బ్యాడ్జి నంబరు పెట్టుకున్న కుర్రాడు 40 డాలర్లకు వేశాడు. వీళ్ళకు అనుమతి ఇచ్చేది క్యాల్‌ట్రాన్సే గానీ వీళ్ళు ఆ శాఖ ఉద్యోగులు కాదు. చెయిన్లు అమ్మడానికీ అద్దెకివ్వడానికీ వీళ్ళకు వీల్లేదు, బిగించడం వరకే. రసీదు తీసుకుని దాని మీద బ్యాడ్జి నంబరు రాసుకోమని ఆ శాఖే చెబుతుంది. నేను రాసుకున్నా. ముందు చక్రాలకు వేస్తుంటే నాన్న పక్కన గొడుగు పట్టుకుని నిలబడి, "ఇంజన్ లాగే చక్రాలకేగా? కరెక్టే" అని ఆమోదించారు. వెనక సీట్లో మా అమ్మాయి ఆకలంటోంది, అమ్మ ఆంజనేయ దండకం అందుకుంది.

ఇక గంటకు 30 మైళ్ళు మించొద్దన్న బోర్డు. మా ముందు మంచు తీసే బండ్లు, ప్లౌలు, ఒకదాని వెనక ఒకటి ఏటవాలుగా. మొదటిది ఒక లేన్ మంచును పక్కకు తోస్తే, రెండోది దాన్నీ కలుపుకుని ఇంకా పక్కకు, ఆ వెనకది రోడ్డు బయటికి. వాటి వెనక ఇసుక చల్లే లారీ. మలుపుల్లో రోడ్డు అంచు కనిపించదు కాబట్టి డ్రైవర్ల కోసం అంచుల వెంట పొడవాటి కర్రలు పాతి ఉంచారు. తుఫాను రాకముందే రోడ్డు మీద ఉప్పునీళ్ళు చల్లుతారు, మంచు గడ్డకట్టి తారునో కాంక్రీటునో పట్టుకోకుండా. నాన్న దోర్నాల-శ్రీశైలం ఘాట్‌లో పనిచేసినప్పుడు వానాకాలం రాళ్ళు పడితే మైలు కూలీలు పలుగులతో తీసేవాళ్ళట. కాసేపు ఆ కబుర్లు, తర్వాత మౌనం. 7,239 అడుగుల ఎత్తున డానర్ సమ్మిట్ దాటుతుంటే ఒక్క మాటన్నారు: "ఒరేయ్, వీళ్ళకి రాత్రి డ్యూటీలో టీ ఎవరిస్తార్రా?"

ఎనిమిదింటికి ట్రకీ. ఊళ్ళో వీధులు కూడా తీసి ఉన్నాయి, అవి ఊరి వాళ్ళ పని. మా క్యాబిన్ ముందుకొచ్చి ఆగాం. వాకిలి లేదు. తొడల దాకా మంచు, దాని ముందు వీధి ప్లౌ నెట్టేసి పోయిన గట్టి కట్ట. ప్రకటనలో మాత్రం 'మంచు తీయించడం మా బాధ్యత' అని ఉంది. మెసేజ్ పెడితే ఇరవై నిమిషాలకు జవాబు: మా మనిషి రేపు ఉదయం వస్తాడు, షెడ్డులో పార ఉంది. షెడ్డు తలుపు కూడా మంచులోనే ఉందని ఫోటో తీసి పంపాను. దానికి జవాబు లేదు. కారు వీధిలో వదిలేద్దామంటే ప్లౌలకు అడ్డమని పెట్టనివ్వరు.

పక్కింటాయన రెండు పారలు ఇచ్చాడు. నేనూ నాన్నా మొదలుపెట్టాం. 71 ఏళ్ళ మనిషి, వద్దంటే వినలేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ప్లౌ వదిలిన ఆ కట్టను ఇక్కడ బెర్మ్ అంటారని పక్కింటాయన చెప్పగానే నాన్నకు నవ్వాగలేదు. మనకు బెర్మ్ అంటే తారు రోడ్డు పక్క మట్టి అంచు. "ముప్పై ఏళ్ళు బెర్ములు వేయించాను, ఇప్పుడు తవ్వుతున్నా." గంటా పది నిమిషాలు పట్టింది. లోపల హీటర్ వెచ్చబడటానికి ఇంకో గంట. అర్ధరాత్రి వీధి ప్లౌ మళ్ళీ వచ్చి మళ్ళీ కట్ట వేసిపోయింది. మర్నాడు ఉదయం వస్తానన్న మనిషి మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. చలికాలంలో క్యాబిన్ తీసుకునేవాళ్ళకు నా సలహా, గదుల ఫోటోలు తర్వాత, బయల్దేరే ముందు ఆ రోజు వాకిలి ఫోటో అడగండి. పంపనివాడి దగ్గరికి వెళ్ళకండి.

మర్నాడు మంచులో ఆటలు, బాగుంది. తిరుగు ప్రయాణం నాడు ఎండ, చెయిన్లు అక్కర్లేదు, రోడ్డు ఆరిపోయింది. కుడి లేన్ కాంక్రీటులో చక్రాల దారి వెంట పల్లాలు కనిపించాయి. "చెయిన్ల దెబ్బ. ఎంత గట్టిగా పోసినా అరగదీస్తాయి" అన్నారు నాన్న. అంచున చిన్న పలకల మీద కౌంటీ అక్షరాలు, రూటు నంబరు, మైలు లెక్క ఉంటాయి. కౌంటీ మారితే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. వాటిని చదువుకుంటూ ఆబర్న్ దాకా వచ్చారు.

ఇంటికొచ్చాక క్లీనింగ్ ఫీజు 165 వెనక్కివ్వమని అడిగాను. ఎంత మంచు తీశామో రుజువేదన్నారు. నాన్న కాగితం తీసుకున్నారు: పొడవు 6 మీటర్లు, వెడల్పు 3, లోతు సగటున 0.6, మొత్తం 10.8 ఘనపు మీటర్లు. కింద సంతకం, తేదీ. ఫోటో తీసి పంపితే మూడు రోజులకు 40 డాలర్లు వచ్చాయి. నాన్న భాగించి చూశారు, ఘనపు మీటరుకు 3 డాలర్ల 70 సెంట్లు. ఆయన శాఖలో పనులకు రేటు కట్టే సర్కారు పట్టికను ఎస్‌ఎస్‌ఆర్ అంటారు.

"మా ఎస్‌ఎస్‌ఆర్ రేటు కంటే నయమేరా" అన్నారు.