నూనె కలిపే ముందు "ఉబ్బసం ఉందా అక్కా" అని అడిగారు

ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో, మేడ మీదున్న మసాజ్ సెంటర్‌కి ఈ నెలలో మూడుసార్లు వెళ్లొచ్చాను, నాలాంటి వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. తిరుపతిలో కార్తీకం ముసురు పట్టిందంటే రాత్రిళ్లు ఛాతీ బిగుసుకుపోతుంది, రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ కన్ను మూతపడదు. పగలంతా గాంధీ రోడ్డులో బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్, సాయంత్రానికి మెడా భుజాలూ రాయిలా అయిపోతాయి.

ఇక్కడ చేసేది అరోమాథెరపీ, అంటే మొక్కల నుంచి తీసిన ఘాటు వాసన తైలాలు కలిపి చేసే మర్దన. ఆ పేరు వింటేనే నిజంగా భయపడ్డాను. పోయినేడు ఊళ్లోనే ఇంకో చోటికి వెళ్తే ఒక్క మాట అడగకుండా గది నిండా అగరొత్తుల పొగ పెట్టి, నీలగిరి తైలం ఏమీ కలపకుండా ఛాతీకి రాసేశారు. పది నిమిషాలకి దగ్గు తెర, ఆయాసం, బ్యాగులో ఇన్‌హేలర్ వెతికి పీల్చుకున్నాక గానీ ఊపిరి అందలేదు. చర్మం రెండు రోజులు మండింది. ఘాటు వాసనలు కొందరికి ఉబ్బసాన్ని రేపుతాయి, ఈ పని చేసేవాళ్లకి అది తెలియకపోతే ఎలా?

ఇక్కడ మాత్రం నూనె రాసే అమ్మాయి ముందు కూర్చోబెట్టింది. "ఉబ్బసం ఉందా అక్కా? వాసనలు పడవా? బీపీ ఉందా? కడుపుతో ఉన్నారా?" అన్నీ అడిగి పుస్తకంలో రాసుకుంది. ఉబ్బసం అనగానే నీలగిరి, పిప్పర్‌మెంట్ సీసాలు తీసి పక్కన పెట్టేసింది. లావెండర్ ఒక్క చుక్క దూది మీద వేసి మూరెడు దూరంలో పట్టుకుని, దగ్గు వస్తుందేమోనని నా మొహం చూస్తూ కాసేపు ఆగింది. తర్వాత గిన్నెలో మూడు పెద్ద చెంచాల గోరువెచ్చని నువ్వుల నూనె పోసి, అందులో లావెండర్ పైకి లెక్కపెడుతూ 9 చుక్కలు వేసింది, అంటే సుమారు నూటికి ఒక వంతు. అదీ ముందు ముంజేతి లోపల రాసి చూశాకే వీపుకి. గానుగ నూనె వాసన ముందు, లావెండర్ దాని వెనకాల సన్నగా.

ఏసీ చల్లగాలి నాకు పడదంటే ఆపేసి ఫ్యాన్ వేశారు. నేను ఊపిరి వదిలినప్పుడు ఆమె అరచేతులు మెడ నుంచి భుజాల మీదుగా కిందికి జారేవి, పీల్చేటప్పుడు ఆగేవి. కాసేపటికి నాకు తెలియకుండానే ఊపిరి ఛాతీలోంచి పొట్టలోకి దిగింది. వెళ్లే ముందు ఫోన్‌లో టైమ్ పెట్టి లెక్కేస్తే నిమిషానికి 21 శ్వాసలు, లేచాక 14. ఆ రాత్రి ఒక్క దిండుతో పడుకున్నాను.

దీంతో ఉబ్బసం తగ్గిపోతుందని మాత్రం అనుకోకండి. శ్వాసనాళాల్లో వాపు మర్దనతో పోదు, నా ఇన్‌హేలర్ డాక్టర్ చెప్పినట్టే వాడుతున్నాను. ఆయాసం వచ్చినప్పుడల్లా ఊపిరి కోసం మెడా భుజాల కండరాలు కూడా లాగుతాయి కదా, అవి బిగుసుకుని ఉంటాయి, అవి వదులైతే ప్రాణం తెరిపిన పడుతుంది, టెన్షన్ తగ్గుతుంది. పిప్పర్‌మెంట్‌లో ఉండే మెంథాల్ సంగతీ అంతే, ముక్కులో చల్లదనం తెలిసే నరాలని తాకడం వల్ల గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, దిబ్బడ నిజంగా తగ్గినట్టు కాదు.

నచ్చనిది ముందు గదిలో బోర్డు. "వేల ఏళ్ల అరోమాథెరపీ, ఆస్తమా మాయం" అని పెట్టారు. అరోమాథెరపీ అన్న పేరు పెట్టిందే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గాట్‌ఫోసే, 1937లో ఆయన పుస్తకం వచ్చింది. నూనె మర్దన మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది, అది వేరు. పేరు సంగతి ఎలా ఉన్నా ఆ రెండో మాట నమ్మి ఎవరైనా మందు మానేస్తే ప్రాణం మీదకొస్తుంది, తీసేయమని కౌంటర్‌లో గట్టిగానే చెప్పాను. మూడోసారి వెళ్లినప్పుడూ అలాగే ఉంది.

గంటకి 1,800 రూపాయలు, నా జీతానికి ఎక్కువే, ఇకపై నెలకి ఒకసారి చాలు. లిఫ్టు లేదు. ఆదివారం యాత్రికుల రద్దీలో బండి పెట్టుకునే చోటు దొరకదు, మామూలు రోజు వెళ్లండి. ఫోన్ చేసినప్పుడు పుస్తకంలో రాసుకునే అమ్మాయి ఉందా అని అడగండి, ఆమె సెలవైతే నేను ఇంకో రోజుకి మార్చుకుంటాను. వచ్చే గురువారం అమ్మని తీసుకెళ్తున్నాను, ఆమెకి బీపీ మాత్రలున్నాయి, ఆ చీటీ ఇప్పుడే బ్యాగులో పెట్టాను.